మూత బిగించినంత మాత్రాన ముప్పు తప్పదు

2025 మేలో కొచ్చి తీరానికి అవతల ఎంఎస్‌సీ ఎల్సా 3 అనే ఓడ మునిగినప్పటి నుంచి హైదరాబాద్ వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం తిరుగుతోంది. రసాయనాలకు సీలు వేసి పంపుతారు కనుక ఓడలో భయం లేదట. నిప్పంటుకున్నా మూత వేస్తే గాలి అందక ఆరిపోతుందట. ఖాళీ ట్యాంకుతో ప్రమాదమే లేదట. మునిగితే సముద్రం కలిపేసుకుంటుందట. ఏం జరిగినా పూచీ ఓడవాళ్లదే తప్ప, తీరమే లేని మన ఊరిది కాదట. మందుల కంపెనీల్లో పనిచేసే చదువుకున్నవాళ్లు కూడా దీన్ని నమ్మి పంపుతుంటే ఊరుకోబుద్ధి కాలేదు.

సీలు దొంగతనాన్ని ఆపుతుంది, లోపలి రసాయన చర్యను కాదు. 2021 మేలో కొలంబో దగ్గర తగలబడిన ఎక్స్‌ప్రెస్ పెర్ల్ ఓడలో 25 టన్నుల నైట్రిక్ ఆమ్లం ఉంది. ఒక కంటైనర్ నుంచి ఆమ్లం కారుతున్న సంగతి ముందే తెలిసినా, దాన్ని దించుకోవడానికి ఖతార్‌లోని హమద్ రేవు, గుజరాత్‌లోని హజీరా రేవు ఒప్పుకోలేదు.

కారకపోయినా సరే, కొన్ని ద్రవాలు బయటి నిప్పు అవసరం లేకుండా తమంతట తామే వేడెక్కుతాయి. 2020 మే 7న విశాఖలో ప్రాణాలు తీసిన స్టైరీన్, అంటే ప్లాస్టిక్ తయారీకి వాడే ద్రవం, ఆ జాతిదే. దాని అణువులు ఒకదానికొకటి అల్లుకుపోవడం మొదలైతే వేడి పుడుతుంది. ఆ వేడి చర్యను మరింత ఉరికిస్తుంది. దీనికి అడ్డుకట్టగా టీబీసీ అనే నిరోధకాన్ని కొద్ది మోతాదులో కలుపుతారు. అది పనిచేయాలంటే ద్రవం చల్లగా ఉండాలి, అందులో కొంత ఆక్సిజన్ కరిగి ఉండాలి. కాబట్టి గాలినంతా తరిమేసి నత్రజని నింపితే క్షేమమనే సూత్రం ఇక్కడ ఎదురు తిరుగుతుంది. టొలుయీన్ అనే మండే ద్రావకానికి మేలు చేసే జాగ్రత్త స్టైరీన్‌కు కీడు చేస్తుంది.

మూత వేస్తే మంట ఆరుతుందన్న మాట అన్నిటికంటే ప్రమాదకరమైనది. 1947 ఏప్రిల్ 16న అమెరికాలోని టెక్సాస్ సిటీ రేవులో గ్రాండ్‌క్యాంప్ ఓడలోని అమ్మోనియం నైట్రేట్ ఎరువుకు నిప్పంటుకుంది. నీళ్లు కొడితే సరుకు పాడవుతుందని మూతలు బిగించి లోపలికి ఆవిరి వదిలారు. ఆ ఎరువుకు బయటి గాలితో పనిలేదు, ఆక్సిజన్ దానిలోనే ఉంది. మూత లోపల వేడి పెరిగింది, వాయువులు పోయే దారి లేకపోయింది. ఓడ పేలింది, సుమారు 580 మంది చనిపోయారు. ఇది మనకు దూరపు సరుకేమీ కాదు. బీరూట్ రేవులో ఇదే ఎరువు పేలిన 2020 ఆగస్టులోనే, చెన్నై దగ్గర ఏళ్ల తరబడి నిలవ ఉన్న దాదాపు 700 టన్నుల అమ్మోనియం నైట్రేట్‌ను లారీల మీద హైదరాబాద్‌కు తరలించడం మొదలుపెట్టారు.

ఇక ఖాళీ ట్యాంకు. ద్రవం పోయినా ఆవిరి మిగులుతుంది, ఆ ఆవిరి గాలితో తగు పాళ్లలో కలిస్తే నిండు ట్యాంకు కంటే అదే ప్రమాదం. 2004 ఫిబ్రవరి 28న వర్జీనియా తీరంలో పేలిన బో మారినర్ ఓడలో ఎథనాల్ ఉంది. కానీ మంటకు మూలం అంతకుముందు ఎంటీబీఈ (పెట్రోలులో కలిపే మండే ద్రవం) ఉండి ఖాళీ అయిన 22 ట్యాంకులు. కడగడానికి వాటి మూతలన్నీ తెరిపించారు. గాలి కంటే బరువైన ఆవిరి డెక్కు మీద పరుచుకుంది. 27 మందిలో ఆరుగురే బతికారు.

పేలకపోయినా, నత్రజని నింపిన ట్యాంకులో దిగినవాడు రెండు మూడు శ్వాసల్లోనే స్పృహ తప్పవచ్చు. అతణ్ణి చూసి ఆదుర్దాగా దిగిన తోటివాడూ అక్కడే పడిపోతాడు. అందుకే వాయువులను కొలిచే మీటరుతో పైన, మధ్యలో, అడుగున గాలిని పరీక్షించనిదే దిగకూడదు. మూత దగ్గర ఒక మనిషిని కాపలా ఉంచాలి. ఇలాంటి మూసిన చోట్లలోకి దిగడం, రక్షించడంపై రెండు నెలలకోసారి కసరత్తు చేయాలని 2015 నుంచి అంతర్జాతీయ నియమం.

సముద్రం కలిపేసుకుంటుందన్న మాటకు ఎల్సా 3 లోని సరుకే జవాబు. 12 కంటైనర్లలో ఉన్నది కాల్షియం కార్బైడ్, మామిడి పెట్టెల్లో దొంగచాటుగా పెట్టే పొట్లాల్లోనిదే. కాయ చెమ్మకే ఎసిటిలీన్ వదిలే ఆ పదార్థానికి సముద్రపు నీరు తగిలితే మండే వాయువు ఎంత పుడుతుందో లెక్క వేసుకోవచ్చు.

పూచీ సంగతి. 2012 జులైలో అట్లాంటిక్ నడుమ ఎంఎస్‌సీ ఫ్లామీనియాలో పేలుడు జరిగి ముగ్గురు నావికులు పోయారు. కారణం డైవినైల్‌బెంజీన్, తనంతట తాను వేడెక్కే మరో ద్రవం. ఓడ ఎక్కకముందే ఆ ట్యాంకులను రేవులో రోజుల తరబడి ఎండలో ఉంచారు. అమెరికా కోర్టు తప్పును తయారీదారు మీదా, ట్యాంకులు సమకూర్చిన సంస్థ మీదా పెట్టింది. ఓడవాళ్ల మీద కాదు.

జీడిమెట్ల, బొల్లారం, పాశమైలారం నుంచి బయలుదేరే డ్రమ్ములకూ ఇదే వర్తిస్తుంది. ఏ కంటైనర్‌ను వేడి ఇంధన ట్యాంకుకు దూరంగా పెట్టాలి, దేని పక్కన దేన్ని ఉంచకూడదు, మంటకు నీళ్లా నురుగా అన్నవి ఓడలో నిర్ణయించేది సరుకు ఏమిటో మనం రాసిచ్చే డిక్లరేషన్ చూసే. ఫ్లాష్ పాయింటు, అంటే ఆవిరి నిప్పు తగిలితే అంటుకునే కనీస ఉష్ణోగ్రత, 60 డిగ్రీలు దాటని ద్రవం మూడో తరగతి మండే ద్రవం. కిరాయి తగ్గుతుందని దాన్ని సాధారణ సరుకుగా రాసేవాళ్లు నావికుల కళ్లకు గంతలు కడుతున్నారు. సందేశం పంపినవారిలో ఈ కాగితాల మీద సంతకం చేసేవాళ్లూ ఉన్నారు. వాళ్లను అడుగుతున్నాను: లారీ కదలకముందే యూఎన్ సంఖ్య (ప్రమాదకర సరుకును గుర్తించే అంతర్జాతీయ నంబరు), తరగతి, ఫ్లాష్ పాయింటు, దాటకూడని ఉష్ణోగ్రత, నిరోధకం ఏ తేదీ వరకు పనిచేస్తుందన్నది డిక్లరేషన్‌లో ఉన్నాయో లేదో చూడండి, లేకపోతే సంతకం చేయకండి.