సవరణ: క్రోమ్‌ఓఎస్ ఫ్లెక్స్ గురించి రాసిన రెండు తప్పులు

పాత చిన్న ల్యాప్‌టాప్‌లకు విండోస్ బదులు వేసుకునే గూగుల్ వారి ఆపరేటింగ్ సిస్టమ్ క్రోమ్‌ఓఎస్ ఫ్లెక్స్ బాగా నప్పుతుందని చెబుతూ, 2 జీబీ ర్యామ్ ఉన్నా చాలుననీ, ఫోన్‌లో వాడే యాప్‌లన్నీ ప్లే స్టోర్ నుంచి దించుకోవచ్చుననీ పోయిన వారం రాశాను. ఆ రెండు మాటలూ తప్పే. 2022 జులైలో విడుదలైన ఈ ఆపరేటింగ్ సిస్టమ్‌కు కనీసం 4 జీబీ ర్యామ్, 16 జీబీ స్టోరేజీ, ఇంటెల్ లేదా ఏఎండీ 64-బిట్ ప్రాసెసర్ ఉండాలి. ప్లే స్టోర్ క్రోమ్‌బుక్‌లలో (క్రోమ్‌ఓఎస్‌తోనే అమ్మే ల్యాప్‌టాప్‌లలో) ఉంటుంది గాని ఫ్లెక్స్‌లో లేదు; అక్కడ చూసినది ఇక్కడా ఉంటుందని నేను ఊహించుకున్నాను.

గుంటూరు అరండల్‌పేటలో ఉండే మిత్రుడొకరు నా మాట నమ్మి, ఇంటర్ చదివే కూతురి కోసం అటక మీది నెట్‌బుక్‌ను దింపి దుమ్ము దులిపి ఫ్లెక్స్ ఎక్కించిన పెన్‌డ్రైవ్ పెడితే, అది మొదలే కాలేదు. చూస్తే అందులో ఉన్నది ఆటమ్ ఎన్270, అంటే 32-బిట్ ప్రాసెసర్. (పెన్‌డ్రైవ్ కూడా కొత్తది కొన్నాడు పాపం.) అలాంటి యంత్రానికి 32-బిట్ కూర్పు కూడా ఉన్న యాంటీఎక్స్ 23 అనే లినక్స్ నయం.

నేను చెప్పకుండా వదిలేసినది మరొకటుంది: ఫ్లెక్స్‌ను ఇన్‌స్టాల్ చేస్తే డిస్క్‌లో ఉన్నదంతా చెరిగిపోతుంది, విండోస్‌ను పక్కన ఉంచుకోవడం కుదరదు, కాబట్టి ముందుగా పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూడండి.