వాపును బలుపనుకున్న లేబర్

2025 మే 1న ఇంగ్లండ్ వాయవ్య ప్రాంతంలోని రన్‌కార్న్ అండ్ హెల్స్‌బీ నియోజకవర్గంలో ఉప ఎన్నిక జరిగింది. నియోజకవర్గ వాసిని నడివీధిలో కొట్టిన కేసులో శిక్ష పడి, బ్రిటన్ పాలక పక్షం లేబర్ తరఫున గెలిచిన ఎంపీ రాజీనామా చేయడంతో వచ్చిన ఎన్నిక అది. విడ్నెస్ పట్టణంలోని స్టేడియంలో రాత్రంతా ఓట్లు లెక్కించారు. తేడా మరీ తక్కువగా ఉందని మళ్లీ లెక్కించారు. చివరికి తేలింది ఇది: వలసలను వ్యతిరేకించే రిఫార్మ్ యూకే పార్టీ అభ్యర్థి సారా పొచిన్‌కు 12,645, లేబర్‌కు 12,639. ఆరంటే ఆరు ఓట్లు. పది నెలల కిందట అదే చోట లేబర్ ఆధిక్యం 14,696.

అందరూ ఆ ఆరు ఓట్ల గురించే మాట్లాడారు. నాకు మాత్రం వామపక్షం వైపుండే గ్రీన్ పార్టీకి పడిన రెండు వేల పైచిలుకు ఓట్ల మీదికి చూపు పోయింది. ఆ రెండు వేల మందిలో రిఫార్మ్ గెలవాలని కోరుకున్నవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది కూడా ఉండరు. మన ఊళ్లో టీ కొట్టు దగ్గర ఎవరిని అడిగినా ఈ ఫలితాన్ని ఒక్క ముక్కలో తేల్చేస్తారు: ఓటు చీలింది.

బ్రిటన్ రాజకీయాన్ని అర్థం చేసుకోవడానికి తెలుగు పాఠకుడికి పెద్ద ఉపోద్ఘాతం అవసరం లేదు. ఆ ఎన్నికల పద్ధతే మనకూ వచ్చింది. నియోజకవర్గంలో ఎవరికి ఒక్క ఓటు ఎక్కువ వస్తే వాళ్లే విజేత, మిగిలిన ఓట్లన్నీ గాలికి. 2024లో ఆంధ్రప్రదేశ్‌లో వైఎస్సార్‌సీపీకి 39 శాతానికి పైగా ఓట్లు వచ్చాయి, 175 సీట్లలో దక్కినవి 11. అదే ఏడాది జూలై 4న బ్రిటన్‌లో లేబర్‌కు 33.7 శాతం ఓట్లు వచ్చాయి, 650 సీట్లలో దక్కినవి 411. అక్కడ మూడో వంతు ఓటు తిరుగులేని అధికారం అయింది. ఇక్కడ అంతకంటే ఎక్కువ ఓటు ప్రతిపక్ష హోదాకు కూడా చాలలేదు. ఎదుటివాళ్లు కలిసి ఉన్నారా, విడిపోయి ఉన్నారా అన్నదే తేడా.

లేబర్ ఆ రోజు గెలిచింది ఎదుటివాళ్లు విడిపోయి ఉన్నందువల్ల. కన్జర్వేటివ్ పార్టీ ఓటును నైజెల్ ఫరాజ్ నాయకత్వంలోని రిఫార్మ్ అడ్డంగా కోసింది. రిఫార్మ్‌కు 41 లక్షల ఓట్లు వచ్చాయి, సీట్లు ఐదు. కన్జర్వేటివ్‌లు 121కి పడిపోయారు. లేబర్‌కు వచ్చిన ఓట్లు సుమారు 97 లక్షలు. 2019లో జెరెమీ కార్బిన్ నాయకత్వంలో ఘోరంగా ఓడిపోయినప్పుడు ఆ పార్టీకి కోటీ రెండు లక్షలకు పైగా వచ్చాయి. ఓడినప్పటి కంటే తక్కువ ఓట్లతో 174 సీట్ల ఆధిక్యం! పోలింగ్ 60 శాతం దగ్గర ఆగింది. అంటే ఓటు హక్కు ఉన్న ప్రతి ఐదుగురిలో లేబర్‌కు వేసింది ఒక్కరే.

అందుకే 'ఓటర్లకు లేబర్ మీద మోజు తీరిపోయింది' అని రాసేవాళ్లతో నాకు పేచీ ఉంది. మోజు ఉంటే కదా తీరడానికి? పద్నాలుగేళ్ల కన్జర్వేటివ్ పాలనతో విసిగినవాళ్లు చేతికి దగ్గరగా ఉన్న కర్రను అందుకున్నారు. ఆ కర్ర మీద లేబర్ అని రాసి ఉంది. పార్టీ మేనిఫెస్టోకు పెట్టిన పేరు కూడా ఒక్కటే మాట: మార్పు. ఏ మార్పు, ఎవరి ఖర్చుతో అన్నది చెప్పకుండా గెలిచేశారు. వాపును చూసి బలుపు అనుకోవద్దని చెప్పే పెద్దమనిషి పార్టీలో లేకపోయాడు.

గెలిచి నెల కూడా తిరగకముందే, జూలై 29న, ఆర్థిక మంత్రి రేచల్ రీవ్స్ వృద్ధుల చలికాలపు ఇంధన భత్యం మీద కత్తెర వేశారు. ఇళ్లు వెచ్చబెట్టుకునే ఖర్చు కోసం ఏటా పింఛనుదార్లకు 200 నుంచి 300 పౌండ్ల దాకా వచ్చే డబ్బు అది. మనకు ఇది అంత పెద్ద విషయంగా తోచకపోవచ్చు. కానీ డిసెంబరులో అక్కడ మధ్యాహ్నం నాలుగింటికే చీకటి పడుతుంది. వంటగదిలో గోడకు తగిలించిన మీటరులో అంకె పెరుగుతుంటే దాన్ని చూస్తూ, హీటరు ఆపి కోటు తొడుక్కుని కూర్చునే ముసలివాళ్లు ఉన్న దేశం. కడు పేదలకు మాత్రమే పరిమితం చేయడంతో కోటి మంది దాకా ఆ భత్యం కోల్పోయారు. ఖజానాకు మిగులుతుందన్నది 150 కోట్ల పౌండ్లలోపే.

ఆ పొదుపు కోసం పార్టీ తన పేరును తాకట్టు పెట్టింది. ఎన్నికల ప్రచారంలో ఈ మాట ఎత్తలేదు. మొదటి పనిగా ఇదే చేశారు. అదే ఏడాది సెప్టెంబరులో ప్రధాని కియర్ స్టార్మర్ ఒక సంపన్న దాత నుంచి సూట్లు, కళ్లద్దాలు కానుకగా తీసుకున్న సంగతి బయటపడింది. నిబంధనల ప్రకారం తప్పు లేకపోవచ్చు. కానీ అవ్వ హీటరు, ప్రధాని కళ్లజోడు పక్కపక్కన పత్రికల్లో కనిపించాక నిబంధనలు ఎవరు చదువుతారు? 2025 జూన్‌లో ప్రభుత్వం వెనక్కి తగ్గి, ఏడాదికి 35 వేల పౌండ్లలోపు ఆదాయం ఉన్నవాళ్లందరికీ భత్యం తిరిగి ఇస్తామంది. అప్పటికి డబ్బూ మిగల్లేదు, పేరూ మిగల్లేదు. రెంటికీ చెడ్డ రేవడి అంటే ఇదే. మరుసటి నెలలో వికలాంగుల భత్యాల కోత బిల్లుకు సొంత ఎంపీలే అడ్డం తిరిగితే అందులోని ముఖ్యమైన భాగాన్ని సభలోనే వదులుకున్నారు. సెప్టెంబరులో ఇప్సోస్ సంస్థ సర్వేలో స్టార్మర్ పనితీరు బాగుందన్నవాళ్లు 13 శాతం, బాగాలేదన్నవాళ్లు 79 శాతం. 1977 నుంచి ఆ సంస్థ లెక్కల్లో ఏ ప్రధానికీ ఇంత తక్కువ రాలేదు.

సరే, లేబర్ వద్దనుకున్నవాళ్లు ఎటు పోతున్నారు?

ఎక్కువ శబ్దం రిఫార్మ్ వైపు నుంచి వస్తోంది. రన్‌కార్న్ గెలిచిన రోజే ఆ పార్టీ ఇంగ్లండ్ స్థానిక ఎన్నికల్లో 677 సీట్లు, పది కౌన్సిళ్ల పాలన దక్కించుకుంది. అప్పటి నుంచి ఆ ఏడాది చివరి దాకా దాదాపు ప్రతి సర్వేలో మొదటి స్థానం దానిదే. అయితే ఆ మొదటి స్థానం 30 శాతానికి అటూ ఇటూ. అధికారం చేతికొచ్చాక ఏమవుతుందో కెంట్ కౌంటీ (మన జిల్లా లాంటిది) కొంత చూపించింది. దుబారా తగ్గించి పన్ను భారం దించుతామని అక్కడ గెలిచారు. తీరా చూస్తే కౌంటీ బడ్జెట్‌లో సింహభాగం వృద్ధుల, వికలాంగుల, పిల్లల సంరక్షణకే పోతుంది. చట్టప్రకారం పెట్టక తప్పని ఖర్చు. కోయడానికి దుబారా పెద్దగా కనిపించలేదు కానీ, సభ్యుల అంతర్గత కీచులాట వీడియో మాత్రం అక్టోబరులో బయటికొచ్చింది, కొందరు సస్పెండ్ అయ్యారు.

వామపక్షం వైపు సందడి వేరు. సెప్టెంబరులో గ్రీన్ పార్టీకి జాక్ పొలాన్‌స్కీ నాయకుడయ్యాక సభ్యత్వం లక్ష దాటింది. కార్బిన్, లేబర్ నుంచి బయటికొచ్చిన ఎంపీ జారా సుల్తానా కలిసి కొత్త పార్టీ ప్రకటించారు. పేరు పెట్టడానికే నాలుగు నెలలు పట్టింది, ఆలోపు ఇద్దరి మధ్యా బహిరంగంగా గొడవలు నడిచాయి. దాని గురించి ఇంతకంటే చెప్పడానికి ప్రస్తుతానికి ఏమీ లేదు.

అసలు కథ వేల్స్‌లోని కేర్‌ఫిల్లీలో జరిగింది. ఒకప్పటి బొగ్గు గనుల లోయలు. వందేళ్లుగా పార్లమెంటుకు లేబర్‌నే గెలిపిస్తూ వచ్చిన గడ్డ. 2025 అక్టోబరు 23న అక్కడ వేల్స్ చట్టసభకు ఉప ఎన్నిక జరిగింది. రిఫార్మ్ సర్వశక్తులూ ఒడ్డింది. గెలిచింది మాత్రం వేల్స్ స్వాతంత్ర్యం కోరే ప్లయిడ్ కమ్రి పార్టీ తరఫున 1980ల నుంచీ అక్కడ పోటీ చేస్తూ, ఓడుతూ వచ్చిన లిండ్సే విటిల్. డెబ్బై దాటిన స్థానిక నాయకుడు. ప్లయిడ్‌కు 47 శాతం, రిఫార్మ్‌కు 36. లేబర్‌కు 11.

ఆ 47 శాతం మందీ ఒక్క రాత్రిలో స్వాతంత్ర్యవాదులైపోయారా? అలా అనుకుంటే పొరపాటు. రిఫార్మ్‌ను ఆపగలిగేది ఇక్కడ ఎవరు అని చూసుకున్నారు. లేబర్ కాదని తేలింది, ప్లయిడ్‌కు గుద్దేశారు. గుద్దడం అనకూడదేమో. అక్కడ ముద్ర వేయరు, మీటా నొక్కరు. చర్చి హాల్లోనో బడిలోనో చెక్క అరలో నిలబడి, దారంతో కట్టిన పొట్టి పెన్సిల్‌తో గడిలో ఇంటూ గుర్తు పెడతారు. ఆ పెన్సిల్ పట్టుకునే ముందు ఇంట్లో కూర్చుని ఎవరు ఎవరిని ఓడించగలరో లెక్క వేసుకుంటున్నాడు ఇప్పటి బ్రిటిష్ ఓటరు.

మన దగ్గర ఈ లెక్క నాయకులు వేస్తారు. ప్రభుత్వ వ్యతిరేక ఓటును చీలనివ్వనని పవన్ కల్యాణ్ 2022లోనే ప్రకటించారు, రెండేళ్లకు మూడు పార్టీలు సీట్లు పంచుకుని 164 గెలిచాయి. పొత్తు ఎవరితో, ఏ సీటు ఎవరికి అన్నవి ఓటరు దాకా వచ్చేసరికి తేలిపోయి ఉంటాయి. బ్రిటన్‌లో ఎన్నికలకు ముందు పొత్తు అంటే పార్టీలు నామోషీగా చూస్తాయి. నాయకులు చేయని పొత్తును ఓటర్లు తమంతట తాము, ఊరికో తీరుగా చేసుకుంటున్నారు. కేర్‌ఫిల్లీలో కుదిరింది, రన్‌కార్న్‌లో ఆరు ఓట్ల తేడాతో తప్పింది. దీన్ని ప్రత్యామ్నాయం కోసం అన్వేషణ అని పెద్ద పేరు పెట్టి పిలవాలంటే నాకు నోరు రావడం లేదు. గుడ్డి కంటే మెల్ల మేలు అన్న సామెత అక్కడి రాజకీయానికి సరిగ్గా అతుకుతుంది.

మూడో దారి వెతకడం అక్కడ కొత్త కాదు. 1981లో రాయ్ జెన్కిన్స్, డేవిడ్ ఓవెన్, షర్లీ విలియమ్స్, బిల్ రాడ్జర్స్ అనే నలుగురు లేబర్ పెద్దలు బయటికొచ్చి సోషల్ డెమోక్రటిక్ పార్టీ పెట్టారు. 1983లో లిబరళ్లతో కలిసి 25.4 శాతం ఓట్లు సాధించారు. లేబర్‌కు 27.6. రెండు శాతం తేడాకు సీట్లు ఎలా పడ్డాయంటే లేబర్‌కు 209, వాళ్లకు 23. పద్ధతి మార్చుకునే అవకాశం 2011లో రెఫరెండం రూపంలో వస్తే 68 శాతం మంది వద్దన్నారు. పాత పద్ధతిలో గట్టి ప్రభుత్వం వస్తుందని అప్పట్లో చెప్పుకున్న కారణం. ఇప్పుడు అదే పద్ధతి 411 మంది ఎంపీలున్నా భయంతో వణికే ప్రభుత్వాన్ని ఇచ్చింది, రేపు 30 శాతంతో ఫరాజ్‌ను గద్దె ఎక్కించినా ఎక్కించవచ్చు. 2026 మే ఎన్నికలకు వేల్స్ మాత్రం కొత్త దారి ఎంచుకుంది. అక్కడి చట్టసభకు 96 మందిని పార్టీలకొచ్చిన ఓట్ల నిష్పత్తిని బట్టి ఎన్నుకుంటారు. కేర్‌ఫిల్లీ తరహా లెక్కల అవసరం అక్కడ కొంత తగ్గుతుంది.

లేబర్ నాయకత్వం మాత్రం రన్‌కార్న్ పాఠం ఒక్కటే చదివి, కేర్‌ఫిల్లీ పేజీ తిప్పలేదని నా అభిప్రాయం. రిఫార్మ్ వైపు పోయిన ఓటును లాక్కురావాలని రిఫార్మ్ భాషే మాట్లాడటం మొదలుపెట్టింది. స్థానిక ఎన్నికల్లో దెబ్బతిన్న పది రోజులకే, మే 12న, దేశం 'అపరిచితుల ద్వీపం'గా మారే ప్రమాదం ఉందని స్టార్మర్ అన్నారు. ఆ మాట అన్నందుకు చింతిస్తున్నానని తర్వాత ఆయనే చెప్పుకున్నారు. మాట వెనక్కి పోయింది కానీ విధానం పోలేదు. శాశ్వత నివాసానికి అయిదేళ్లు సరిపోయేది, దాన్ని పదేళ్లు చేస్తామన్నారు. సంరక్షణ గృహాల్లో పనిచేసేవాళ్లకు పదిహేనేళ్లని నవంబరులో హోంమంత్రి షబానా మహమూద్ ప్రతిపాదించారు. రిఫార్మ్ ఇంకో మెట్టు పైకెక్కి, శాశ్వత నివాసమే రద్దు చేస్తామంటోంది.

ఇక్కడ మనవాళ్లు వస్తారు. చాలామందికి తెలియని విషయం ఒకటుంది. కామన్వెల్త్ దేశాల పౌరులు చట్టబద్ధమైన వీసాతో బ్రిటన్‌లో ఉంటే, భారత పాస్‌పోర్టు చేతిలో ఉన్నా సరే, పార్లమెంటు ఎన్నికల్లో ఓటు వేయవచ్చు. గుంటూరులోనో కరీంనగర్‌లోనో ఉన్న సొంత ఓటు వేయాలంటే విమానం ఎక్కి రావాల్సిందే. ఉంటున్న వీధిలోని పోలింగ్ కేంద్రంలో మాత్రం ఏ ఇబ్బందీ లేదు. ఓటరు నమోదు పత్రం తలుపు సందులోంచి వచ్చి పడితే పొరపాటున వచ్చిందనుకుని చెత్తబుట్టలో వేసినవాళ్లు మనలో తక్కువేమీ కాదు.

అలాంటి ఓటరును ఊహించుకోండి. 2021లో మామూలు జీతపు ఆఫీసు ఉద్యోగానికి వెళ్లిన అమ్మాయి అనుకుందాం. అయిదేళ్లలో స్థిరపడతానని లెక్క వేసుకుని వెళ్లింది. ఒక పార్టీ ఆ గడువును రెట్టింపు చేస్తానంటోంది. ఇంకోటి గడువే లేకుండా చేస్తానంటోంది. కన్జర్వేటివ్‌లు లేబర్ కంటే ముందే పదేళ్ల మాట ఎత్తారు. ఆమె ఉండే చోట గ్రీన్ గెలిచే స్థితిలో ఉందో లేదో ఆమే కనుక్కోవాలి. తర్వాతి సార్వత్రిక ఎన్నికలు 2029 ఆగస్టులోపు జరగాలి. పదేళ్ల నిబంధన ఆమెకూ వర్తిస్తే గడువు నిండేది 2031లో. పెన్సిల్ పట్టుకునే రోజున ఆమెకు ఓటు ఉంటుంది, ఆ దేశంలో ఉండిపోతుందో లేదో అప్పటికింకా తేలదు.