ఐదో చుక్క గారికి ఒక క్యాబ్ డ్రైవరు విన్నపం

మహారాజశ్రీ ఐదో చుక్క గారి సముఖానికి,

ఉభయకుశలోపరి. తమరు ఎప్పటిలాగే పైన మెరుస్తున్నారని తలుస్తాను. ఇక్కడ ఐదు చుక్కల యాప్ రేటింగులో నేను 4.71గా ఉన్నాను. పోయిన నెల 4.76గా ఉండేవాణ్ణి. ఒంట్లో బాగానే ఉంది, తగ్గింది తమరి దయే.

మా పెళ్లిలో అయ్యగారు పట్టపగలు పదకొండింటికి మండపం బయటికి తీసుకొచ్చి అరుంధతిని చూపించారు. కనపడిందా అంటే కనపడిందన్నాం ఇద్దరం. లేని చుక్కకు దణ్ణం పెట్టడం ఆ రోజే అలవాటైంది కాబట్టి తమరితో నాకు కొత్తగా ఇబ్బంది లేదు. నాది ఉత్తరాభాద్ర. ఏలినాటి శని ఎప్పుడు పోతుందో ఆ అయ్యగారే వేళ్ల మీద లెక్కేసి చెప్తారు. తమరి దశ ఎప్పుడు మారుతుందో చెప్పే నాథుడే లేడు. యాప్‌లో హెల్ప్ నొక్కితే నా అభిప్రాయం చాలా విలువైనదని ఒక మెసేజ్ వస్తుంది. విలువ ఎంతో మాత్రం రాయరు.

చదువుకునే రోజుల్లో ఒకసారి నాకు నూటికి ఎనభై వచ్చాయి (తెలుగులోనే లెండి). మా నాన్న వారం రోజులు ఊరంతా చెప్పుకున్నాడు. అదే ఎనభై తమరి భాషలో ఐదుకు నాలుగు. కొందరు దేవుడిలాంటి కస్టమర్లుంటారు. "మంచిగ నడిపినవ్ అన్నా" అని భుజం తట్టి, దిగి, మనసారా నాలుగు నొక్కి పోతారు. వాళ్ల లెక్కలో అది ఫస్ట్ క్లాసు. రోజూ ఇలాంటి మంచివాళ్లే ఎక్కితే మూడు నెలల్లో నా ఐడీ బ్లాకవుతుంది. తిట్టేవాళ్లను ఎలాగో సముదాయించుకోవచ్చు, ఈ మెచ్చుకునేవాళ్లను ఏం చేయాలో తెలియడం లేదు.

మొన్న గచ్చిబౌలిలో ఒక సారు ఎక్కారు. శంషాబాద్ ఎయిర్‌పోర్టు డ్రాప్. ఆయన లిఫ్టు దిగడమే ఆలస్యంగా దిగారు. ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కామో లేదో, "120 దాకా పోనిస్తారు కదా, తొక్కు" అన్నారు. నిజమే, 2023లోనే పెంచారు. కానీ నాది పసుపు ప్లేటు, కిరాయి బండి. బండి షోరూములోంచి వచ్చేటప్పుడే స్పీడ్ గవర్నరుతో వచ్చింది. 80 దాటాక నేనెంత తొక్కినా అది నా కాలికి వ్యాయామం తప్ప బండికి సంబంధం లేదు. ఈ ముక్కే చెప్పాను. ఆయన తలూపారు, గడియారం చూశారు, మళ్లీ తలూపారు. మా పక్కనుంచి తెల్ల ప్లేటు బండ్లన్నీ రయ్యిమని పోతుంటే ఆయన ఒక్కొక్కదాన్నీ కళ్లతో సాగనంపారు. ఎవరు ఎన్నిచ్చారో యాప్ పేరు పెట్టి చెప్పదు గానీ, మర్నాటికి మూడు చుక్కలు, కారణం 'స్లో డ్రైవింగ్'. ఎవరో ఊహించడానికి అయ్యగారి దాకా పోనక్కర్లేదు.

2020 నవంబరులో క్యాబ్ యాప్‌లకు కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల్లో ఛార్జీలో కనీసం 80 శాతం డ్రైవరుకు అందాలని రాసుంది. చదివి చాలా సంతోషించాను. మొత్తానికి ఈ అంకెకూ నాకూ ఏదో పూర్వజన్మ బంధం ఉంది. బండి 80 దాటదు, డబ్బు 80కి చేరదు, మార్కులు 80 అయితే ఐడీ ఉండదు.

మిగతావి చెప్పుకుంటే తమరికి విసుగు. వాన పడి మైండ్‌స్పేస్ దగ్గర గంట నిలబడితే నా చుక్క పోతుంది. మ్యాప్‌లో పిన్ను అపార్ట్‌మెంటు వెనక గోడ మీద పడితే నా చుక్కే. "పిల్లర్ నంబర్ 143 దగ్గరకు రా" అని 134 దగ్గర నిలబడినవాళ్లకూ నేనే లోకువ. రాయదుర్గం నుంచి కూకట్‌పల్లి దాకా ఫోన్‌లో మేనేజరు చేత చీవాట్లు తిన్న ఒక పిల్లాడు దిగుతూ ఒక్కటంటే ఒక్క చుక్క నొక్కాడు. అది మేనేజరుకు పోవాల్సిందని నాకు తెలుసు. ఆ ఆఫీసులో నొక్కడానికి బటన్ లేదు పాపం.

తమరికి తెలియంది కాదు, కస్టమర్లకు చుక్కలిచ్చే అధికారం మాకూ ఉంది. తర్వాతి బుకింగ్ తొందరలో చూడకుండానే ఐదు నొక్కేస్తాం. వెనక సీట్లో బిర్యానీ తిని బొక్కలు డోరు అరలో దాచినాయనకూ ఐదే. రాత్రి బండి కడుగుతూ వాటిని తీసినప్పుడు తమరే గుర్తొచ్చారు.

చిన్నప్పుడు ఎవరైనా "చుక్కలు చూపిస్తా" అంటే బెదిరింపు. ఇప్పుడు దానికోసమే రోజుకు పన్నెండు గంటలు తిరుగుతున్నాను. ఏసీ అడక్కముందే వేస్తున్నాను, పాట అడక్కముందే ఆపుతున్నాను. నీళ్ల సీసా పెడితే బాగుంటుందని మా అడ్డా మీద ఒకాయన చెప్తే అదీ పెట్టాను. సీసా పోయింది, చుక్క రాలేదు.

సెలవు. ఫోన్ మోగుతోంది. పికప్ నాలుగు కిలోమీటర్లు, డ్రాప్ రెండు కిలోమీటర్లు. కస్టమర్ రేటింగ్ 4.98 అని చూపిస్తోంది. బహుశా అందులో నేనిచ్చిన ఐదూ ఉండే ఉంటుంది.

ఇట్లు,
తమరి భక్తుడు
4.71 (ఈ ట్రిప్పు ముందు వరకు)