పాట కావాలి, పాడేవాళ్లు వద్దు!

పాటలు సేకరించినందుకు 18 ఏళ్ల జైలు. ఈ వాక్యం రాశాక మేము కూడా ఒకసారి ఆగి మళ్లీ చదువుకున్నాం. మన దగ్గర ఊరూరా తిరిగి పల్లెపదాలు రాసుకొస్తే యూనివర్సిటీ డాక్టరేట్ ఇస్తుంది. టిబెట్‌లో అదే పని చేసిన న్గవాంగ్ చోఫెల్‌ను చైనా కోర్టు గూఢచారి అంది.

ఎప్పటి కథో ఇప్పుడెందుకంటారా? 2026లో, చైనా కూడా ఉన్న బ్రిక్స్ దేశాల కూటమి అధ్యక్షత మనది. ఢిల్లీకీ బీజింగ్‌కీ మళ్లీ మాటలు కలిశాయి, విమానాలు తిరుగుతున్నాయి, మానస సరోవర యాత్ర కూడా మొదలైంది. సంతోషమే. కానీ ఇలా దోస్తీ కుదిరిన ప్రతిసారీ మన దేశంలో ముందు నోరు మూయించేది ఇక్కడ తలదాచుకున్న టిబెటన్లదేనని మాకు గుర్తుంది. అదీ మా టెన్షన్.

చోఫెల్‌ను రెండేళ్ల పిల్లాడిగా ఉన్నప్పుడు తల్లి ఎత్తుకుని హిమాలయాలు దాటింది. పెరిగింది కర్ణాటకలోని ముండగోడ్‌లో, టిబెట్ శరణార్థుల మధ్య. తర్వాత ధర్మశాలలోని టిపాలో (టిబెటన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పెర్ఫార్మింగ్ ఆర్ట్స్) సంగీతం నేర్చుకున్నాడు. దలైలామా ఇండియాకు వచ్చిన 1959లోనే పెట్టిన సంస్థ అది. తలదాచుకోవడానికి ఇల్లు లేదు, జనమంతా కొండల్లో రోడ్డు పనులకు కూలికి పోతున్నారు, అలాంటి రోజుల్లో వాళ్లు ముందుగా పెట్టుకున్న వాటిలో ఒకటి పాటల బడి! అక్కడ ద్రన్యెన్ అనే తీగల వాద్యం నేర్పుతారు, ల్హామో నేర్పుతారు. ల్హామో అంటే ముఖాలకు మాస్కులు కట్టుకుని ఆరుబయట పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆడేది, మన వీధినాటకానికి దూరపు చుట్టం అనుకోండి. దానికి మూలపురుషుడైన థాంగ్‌తోంగ్ గ్యల్పో, ఆడి పాడి పోగుచేసిన డబ్బుతో నదుల మీద ఇనుప గొలుసుల వంతెనలు కట్టించాడని టిబెటన్లు ఇప్పటికీ చెప్పుకుంటారు.

చోఫెల్ ఫుల్‌బ్రైట్ స్కాలర్‌షిప్ మీద అమెరికా వెళ్లాడు. అక్కడే స్థిరపడి హాయిగా క్లాసులు చెప్పుకోవచ్చు. కానీ 1995లో కెమెరా పట్టుకుని టిబెట్ వెళ్లాడు, పెద్దవాళ్లతో పాటే పాటలూ పోతాయన్న భయంతో. లాసాలో వినిపించింది చైనా పాప్, లేదంటే పాత వరసలకు అతికించిన పార్టీ మాటలు. అసలు పాటలు పల్లెల్లో ముసలివాళ్ల దగ్గర మిగిలాయి. వాటిని రికార్డు చేస్తుండగా ఆ ఏడాదే టిబెట్‌లోని షిగాట్సె పట్టణంలో పట్టుకున్నారు, 1996 డిసెంబర్‌లో శిక్ష వేశారు. కొడుకు కోసం ఆ తల్లి ఢిల్లీలో జంతర్ మంతర్ దగ్గర కూర్చుంది. జైల్లో ఆయన్ను చూడనిచ్చింది 2000లో. ఆరేళ్ల పైన లోపల ఉంచి, 2002 జనవరిలో ఆరోగ్యం బాగాలేదన్న కారణంతో వదిలారు. ఆ పాటల మీద ఆయన తీసిన డాక్యుమెంటరీకి 2009లో అమెరికాలోని సన్‌డాన్స్ సినిమా ఉత్సవంలో ప్రత్యేక జ్యూరీ అవార్డు వచ్చింది.

సరిగ్గా అదే 2009లో చైనా ఏం చేసిందో తెలుసా? యునెస్కో వారసత్వ జాబితాలో ల్హామోను, టిబెటన్లు పాడుకునే గేసర్ రాజు వీరగాథను తన పేరున ఎక్కించుకుంది. పాటకేమో ప్రపంచ గుర్తింపు కావాలి, పాటలు వెతుక్కుంటూ వెళ్లినవాడికేమో సంకెళ్లు. లాసాలోని ద్రాప్చి జైల్లో 1993లో 14 మంది సన్యాసినులు దొంగచాటుగా పాటలు రికార్డు చేసి బయటికి పంపారని వాళ్ల శిక్షలను ఏళ్ల తరబడి పెంచేశారు. టిబెట్ కళలకు బోలెడు నిధులు ఇస్తున్నాం, బళ్లు పెట్టాం అని బీజింగ్ అంటుంది. ఇస్తోంది కూడా. కానీ టూరిస్టుల ముందు ఆడితే సంస్కృతి, సొంత మాటలతో పాడుకుంటే నేరమా?

సరే, చైనా ఇంతే. మనమో? శరణమిచ్చామని చెప్పుకుంటాం, నిజంగానే ఇచ్చాం. 2006లో అమరావతిలో దలైలామా కాలచక్ర బౌద్ధ ఉత్సవం జరిగితే మురిసిపోయాం. చలికాలంలో మన ఊళ్లకొచ్చి స్వెట్టర్లు అమ్మే టిబెటన్ల దగ్గర బేరమాడని ఇల్లుందా? కానీ 2018లో, ప్రవాసానికి 60వ ఏడు వచ్చిందని, వాళ్లు ‘థాంక్యూ ఇండియా’ అని సభ పెట్టుకుంటే, అధికారులెవరూ వెళ్లొద్దని ఢిల్లీలో నోట్ తిరిగింది. సభను ధర్మశాలకు మార్చుకోవాల్సి వచ్చింది. థాంక్స్ చెప్పడానికి వచ్చినవాళ్లకు ముఖం చాటేసిన ఘనత మనదే. 2019 అక్టోబర్‌లో మామల్లపురంలో చైనా అధ్యక్షుడికి సముద్రతీర ఆలయం ముందు కథకళి, భరతనాట్యం చూపించాం, ఆయన రాకముందే తమిళనాడు పోలీసులు టిబెటన్ కుర్రాళ్లను ఎత్తుకెళ్లి లోపలేశారు. 2012లో బ్రిక్స్ కోసం ఢిల్లీలోనూ ఇదే తంతు, అప్పుడు పట్టుకున్నది వందల మందిని.

సరిహద్దులో సైనికుల ప్రాణాలున్నాయి, వ్యాపారం ఉంది, పెద్ద పొరుగువాడితో ఊరికే గొడవ దేనికి అనేవాళ్లున్నారు. ఆ మాటలో కొంత నిజం ఉంది. అయితే ద్రన్యెన్ మీటితే సరిహద్దులో ఏ తుపాకీ పేలిందో ఎవరైనా చెప్పగలరా? పాటకు భయపడటం బీజింగ్ రోగం, దాన్ని మనం అంటించుకోవడం దేనికి? ఒకసారి నోట్, ఒకసారి అరెస్టులు, ఇంకోసారి టిబెటన్ విద్యార్థుల హాస్టల్ గేట్లకు తాళాలు, ఇలా అలవాటుగా మారితే రేపు అతిథికి నచ్చని పాట ఏ భాషలో ఉన్నా ఇదే పద్ధతి అంటారు. అప్పుడు అడగడానికి మనకు మొహం ఉంటుందా?

బ్రిక్స్ అతిథుల కోసం సాయంత్రం ఏ నృత్యం పెట్టాలో, ఏ వాద్యం వాయించాలో ఢిల్లీలో అధికారులు లిస్టు రాస్తారు. ఎప్పటిలాగే ఢిల్లీలో టిబెటన్లు ఉండే మజ్ను కా టీలాలో ఎవరెవరిని ముందుగా లోపల వెయ్యాలో పక్క గదిలో ఇంకో లిస్టు తయారవుతుంది. హోం శాఖ పెద్దలూ, ఆ రెండో లిస్టు ఇప్పుడే చింపెయ్యండి. అది చేతకాకపోతే కనీసం మొదటి లిస్టు మీద ‘మన ఘన సంస్కృతి’ అని మాత్రం రాయకండి, సిగ్గుగా ఉంటుంది.