తల నాది, పెత్తనం ఊరిది

విజయవాడలో ఎవరికి తలనొప్పి వచ్చినా కారణం ఎండే. దీనికి అప్పీలు లేదు. నాకు సంక్రాంతి చలిలోనూ వస్తోందండీ అంటే, "పోయిన వేసవి వేడి ఇంకా లోపలే ఉండిపోయింది" అన్నాడు మా వీధి మెడికల్ షాపాయన, మాత్రల షీటు కత్తిరిస్తూ.

బీసెంట్ రోడ్డు కళ్లద్దాలాయన సైటన్నాడు. చెవి, ముక్కు, గొంతు డాక్టరు సైనస్ అన్నాడు. పళ్ల డాక్టరు జ్ఞానదంతం అని దాన్ని పీకేశాడు. నొప్పి మాత్రం పన్నుతోపాటు పోలేదు. ఎవరి దుకాణంలో ఏ సరుకుంటే నా తలలో వాళ్లకి అదే కనిపించింది. ఎమ్మారై గొట్టంలో పడుకోబెట్టి, చెవి పక్కనే రోడ్డు తవ్వుతున్నంత చప్పుడు చేసి, చివరికి అంతా నార్మల్ అన్నారు. "అయితే బావ బుర్రలో ఏమీ లేదన్నమాట" అన్నాడు బావమరిది. ఈ జోకు వస్తుందని తెలుసు. ఇంట్లో ఇంతమంది ఉన్నారు, ఒక్కరైనా వదిలేస్తారనుకున్నాను.

అప్పుడే తెనాలి నుంచి మా అత్తగారు నాలుగు రోజులుందామని దిగారు. "మీ పాత కృష్ణా జిల్లా వాళ్లకి తలనొప్పి కొత్తా అల్లుడుగారూ? ఎలకుర్రులో పుట్టిన నాగేశ్వరరావు పంతులుగారు బొంబాయి వెళ్లి 1893లోనే అమృతాంజనం పెట్టారు" అన్నారు. అలాగని ఆవిడ అమృతాంజనంతో ఆగలేదు. నరాల డాక్టరు అపాయింట్‌మెంట్ ఉన్న రోజు పొద్దున్నే శొంఠి అరగదీసి నుదుటి నిండా పట్టు వేశారు. కడిగితే గుణం పోతుందట.

దానిమీదే హెల్మెట్ పెట్టుకుని సూర్యారావుపేట బయల్దేరాను. బెంజి సర్కిల్ వచ్చేసరికి చెమటకి పట్టు కరిగి కళ్లలోకి దిగింది. శొంఠి నుదుటిమీద వైద్యం, కంట్లో శిక్ష. బండి అటూ ఇటూ ఊగింది. కానిస్టేబుల్ ఆపి నా ఎర్రటి కళ్లు చూసి మిషన్ ముందుకు చాపాడు. ఊదాను. సున్నా. నమ్మలేక దగ్గరికొచ్చి వాసన చూశాడు. "శొంఠిలో ఏం కలిపావ్?" హెల్మెట్ తీశాను. నుదురంతా గోధుమరంగు పెచ్చులు చూసి పాపం మెత్తబడ్డాడు. "ఎవడు గుద్దాడు సార్?" తలనొప్పి అని చెప్పాను. "ఎండకి సార్. బార్లీ నీళ్లు తాగండి."

ఆసుపత్రి కౌంటర్లో అమ్మాయి నన్ను చూడగానే కట్లు కట్టే గదికి పంపింది. అక్కడినుంచి తప్పించుకుని డాక్టరుగారి దగ్గరికి చేరడం వేరే కథ.

ఆయన స్కాన్ పక్కన పెట్టి ప్రశ్నలు వేశారు. ఏ పక్క నొప్పి? వెలుతురు పడదా? వికారమా? మాత్రలెన్ని? మాత్రల లెక్క చెప్పాక పెన్ను కింద పెట్టారు. నెలలో 15 రోజులో అంతకుమించో, అలా నెలల తరబడి నొప్పి మాత్రలు మింగితే అవే తలనొప్పి తెస్తాయట. తలనొప్పుల్లో 150కి పైగా రకాలున్నాయట, చాలావాటికి స్కాన్‌లో జాడే ఉండదట. "డైరీ రాసుకురండి. నిద్ర, తిండి, కాఫీ, మాత్ర, నొప్పి, అన్నీ."

నొప్పి ఉన్నప్పుడు రాయలేను, తగ్గాక గుర్తుండదు. పుస్తకం అత్తగారు తీసుకున్నారు.

"ఆదివారం: అల్లుడుగారు పదింటికి లేచారు. కాఫీ పదకొండింటికి. పన్నెండింటికి తలనొప్పి. రాక ఏం చేస్తుంది?"

"మంగళవారం: టిఫిన్ తినకుండా వెళ్లారు. అమ్మాయి ఉప్మా వల్లే అని నేననను. సాయంత్రం కుడి కణత."

"గురువారం: నా ఎదుట ఒక మాత్ర వేసుకున్నారు. రెండోది చాటుగా వేసుకున్నారు. చూశాను."

మళ్లీ వెళ్లినప్పుడు డాక్టరుగారు ఇదంతా పేజీ పేజీ చదివి, అక్కడక్కడా గీతలు గీశారు. మైగ్రేన్ అన్నారు. దానిమీద మాత్రలు తెచ్చిపెట్టిన నొప్పి. సైనస్ అనుకున్నదీ ఇదేనట. నిద్రవేళ మారినా, కాఫీ ఆలస్యమైనా, తిండి మానేసినా లేస్తోందట.

"ఇది రాసిందెవరు?" అన్నారు. పక్కనున్న అత్తగారు లేచి నిలబడ్డారు.

"మా జూనియర్లు కూడా ఇంత బాగా రాయరమ్మా. కొత్త మందు పనిచేస్తోందో లేదో తేలడానికి రెండు మూడు నెలలు పడుతుంది. అందాకా మీరే రాయండి."

ఆసుపత్రి మెట్లు దిగకముందే తెనాలికి ఫోన్ వెళ్లింది. "ఏవండీ, నేనిప్పట్లో రాను. డాక్టరుగారు వద్దన్నారు. ఆఁ, మీరు రోజుకెన్ని కాఫీలు తాగుతున్నారో అన్నీ రాసి పెట్టండి, వచ్చాక చూస్తాను."