ఒక్క ఆదివారంతో తేలేది కాదు

ఈ మధ్య ఫ్యామిలీ గ్రూపుల్లో ఒక సలహా తెగ తిరుగుతోంది. మాటలు ఒక్కోచోట ఒక్కోలా ఉన్నా సారం ఇది: "రోజుకు కాస్త కాస్త సర్దితే ఇల్లు ఎప్పటికీ ఓ కొలిక్కి రాదు. ఒక ఆదివారం కూర్చుని మొత్తం తేల్చేయండి. ఏడాదిగా వాడనిది ఇంట్లో ఉంచకండి. కాగితాలు ఫొటో తీసుకుని చించేయండి. ఫోన్లో సెలెక్ట్ ఆల్ కొట్టి డిలీట్ చేయండి. మన పెద్దలు భోగి రోజున చేసింది ఇదే." నాకు మూడు గ్రూపుల్లో వచ్చింది. పంపినవాళ్లంతా మంచి మనసుతోనే పంపారు. కానీ ఈ మాట పట్టుకుని నడిస్తే ఏం జరుగుతుందో మా ఇంట్లోనే చూశాను. అందుకే ఒక్కో మాటకూ జవాబు రాస్తున్నాను.

ముందు ఆ ఆదివారం సంగతి.

సర్దడంలో టైమ్ పట్టేది సామాను ఎత్తి దించడానికి అనుకుంటాం. అసలు టైమ్ అంతా ఉంచాలా, పంపాలా అని తేల్చుకోవడంలో పోతుంది. పొద్దున పది గంటలకు అల్మరా తెరిస్తే మొదటి ఇరవై వస్తువుల దగ్గర బుర్ర బాగానే పనిచేస్తుంది. ఈ స్వెట్టర్ పిల్లాడికి పట్టదు, పక్కింటి బాబుకిద్దాం. ఈ టార్చి పోయింది, తీసేద్దాం. మధ్యాహ్నం మూడయ్యేసరికి మంచం మీద గుట్ట, నేల మీద గుట్ట, సింకులో గిన్నెలు, అందరికీ ఆకలి. అప్పటి నుంచి జరిగేవి రెండే. మిగిలిందంతా "తర్వాత చూద్దాం" అని ఒక అట్టపెట్టెలో కుక్కి మళ్లీ అటక ఎక్కిస్తాం. లేదా విసుగొచ్చి చూడకుండానే పారేస్తాం. రాత్రి పడుకోవడానికి మంచం కావాలి కదా.

ఇంకోటి. ఆ "ఖాళీ ఆదివారం" ఎవరికుంది? చాలా ఇళ్లలో వారానికి సరిపడా ఇడ్లీ పిండి రుబ్బేది, యూనిఫాంలు ఉతికేది, బంధువులు వచ్చేది ఆ రోజే. ఇంటి ఆడవాళ్ల మీద ఉన్న పని పైన ఇంకో పెద్ద పని మోపి, అది పూర్తి కాకపోతే నీకు పట్టుదల లేదు అనడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది.

ఒక్కసారిగా సర్దేయాలన్న మాటను ప్రపంచమంతా తిప్పింది జపాన్‌కు చెందిన రచయిత్రి మేరీ కొండో. అయితే ఆవిడ "ఒక్కసారి" అన్నది ఒక్క రోజని కాదు. బట్టలతో మొదలుపెట్టి, పుస్తకాలు, కాగితాలు, చిల్లర సామాను, చివరగా జ్ఞాపకాల వస్తువులు, ఇలా వరసగా చేస్తూ ఆరు నెలల దాకా పట్టొచ్చని ఆవిడే చెప్పారు. మనవాళ్ల ఫార్వర్డ్‌లో ఆ ఆరు నెలలు ఎగిరిపోయి ఆదివారం మిగిలింది. ముగ్గురు పిల్లలు పుట్టాక ఇల్లు ఎప్పుడూ సర్ది ఉంచడం కొంతవరకు వదిలేశానని 2023 జనవరిలో ఆవిడే ఒప్పుకున్నారు. ఆ మాట విన్నాక ఆవిడ మీద నాకు గౌరవం పెరిగింది.

కాస్త కాస్త చేస్తే అవ్వదన్న మాటలో ఒక నిజం ఉంది, అది దాచను. హద్దు లేకుండా ఇవాళ ఇక్కడ రెండు, రేపు అక్కడ నాలుగు తీస్తే నిజంగానే అవ్వదు. హద్దు పెట్టుకోవాలి. ఇవాళ ఈ ఒక్క సొరుగు. రేపు పోపుల డబ్బా పైన అర. దాని వంతు పూర్తయితే మళ్లీ ముట్టుకోకూడదు. తీసినవి ఆ రోజే గుమ్మం దగ్గరి సంచీలోకి పోవాలి, ఇంకో గదిలోకి కాదు. నేను పదిహేను నిమిషాలు పెట్టుకుంటాను, రాత్రి అన్నం పొయ్యి మీద పెట్టి కుక్కర్ దించేలోపు. నాలుగు నెలల్లో మా వంటిల్లు, రెండు బీరువాలు అయ్యాయి. ఒక్క రోజు కూడా మంచం మీద గుట్ట పడలేదు.

"ఏడాదిగా వాడనిది ఉంచకండి." మన ఇంటికి అతకని మాట ఇది. తెనాలిలో అమ్మ వాళ్ల వంటింటి అటక దించినప్పుడు ఏమేం దిగాయో చెబుతాను. అరిసెలు ఒత్తే చెక్కలు, ఏడాదిలో సంక్రాంతికి ఒక్కసారే దిగుతాయి. ఊరగాయ జాడీలు మూడు, వాటి పని మే నెలలో. బొమ్మల కొలువు బొమ్మలు, పాత ధోవతుల్లో చుట్టి. పెద్ద ఇత్తడి గుండిగ, చివరిసారి వాడింది మా తమ్ముడి పెళ్లికి. నేను ఒక జాడీ పట్టుకుని, మూత అంచు పెచ్చు లేచిందని పక్కన పెట్టాను. అమ్మ కింద నుంచే, "అది తియ్యకే. దాని మూత ఎప్పటి నుంచో అంతే. గుడ్డ కట్టి పెడితే ముక్క రెండేళ్లు మెత్తబడదు" అంది. నేను దాన్ని తుడిచి మళ్లీ పైన పెట్టాను. అదే అటక మీద పాడైన మిక్సీలు మూడు, మూతలు లేని టిఫిన్ డబ్బాలు పదకొండు, ఎవరో పెళ్లిలో ఇచ్చిన గాజు గ్లాసుల సెట్లు నాలుగు ఉన్నాయి. వాటి గురించి అమ్మ ఒక్క మాట అనలేదు. ఏడాది లెక్క వేస్తే గుండిగ పోయేది, పాత టిఫిన్ డబ్బా ఒకటి మొన్ననే వాడాం కాబట్టి మూత లేకుండానే ఉండిపోయేది.

నేను అడిగేవి వేరే రెండు ప్రశ్నలు. ఇది మళ్లీ కావలసి వస్తే ఎంతలో, ఎంత సేపట్లో దొరుకుతుంది? ఇది ఎవరిది? ప్లాస్టిక్ బుట్ట రేపు వీధి చివర దొరుకుతుంది. అలాంటి గుండిగ ఇవాళ కొనాలంటే ఇత్తడి ధరకు కళ్లు తిరుగుతాయి, కళాయి వేసేవాళ్లను వెతకడం ఇంకా కష్టం. రెండో ప్రశ్న ఇంకా ముఖ్యం. అత్తగారి సామాను కోడలు, అమ్మ సామాను కూతురు, ఆవిడ ఊళ్లో లేనప్పుడు తీసేసిన ఇళ్లు నాకు తెలుసు. ఇల్లు శుభ్రమైంది, మనుషుల మధ్య మాట పోయింది.

ఏడాది దాటినా ఉంచాల్సిన వస్తువుకు ఆ ఏడాదిలో కొంత పని చేయాలన్నది కూడా ఆ సలహాలో లేదు. పట్టుచీర ఒకే మడతలో ఏళ్ల తరబడి ఉంటే ఆ మడత దగ్గరే చిరుగుతుంది. మూడు నాలుగు నెలలకోసారి మడత మార్చాలి. కలరా ఉండలు జరీకి తగలకుండా విడిగా గుడ్డలో కట్టి పెట్టాలి. రోజుకో అర చూసుకుంటూ పోతే ఇవి వాటంతట అవే జరిగిపోతాయి.

ఇక కాగితాల సంగతి. ఇక్కడే మేం దెబ్బతిన్నాం. ఇల్లు మారే ముందు ఆదివారం అందరం కూర్చుని రెండు పెట్టెల కాగితాలు ఒక్క పూటలో తేల్చాం. సాయంత్రానికి అలసిపోయి, చివరి కట్టలు విప్పకుండానే పాత పేపర్లతో తూకానికి వేశాం. ఏడాదిన్నర తర్వాత ఇంటి లోన్ కోసం వెళ్తే బ్యాంకువాళ్లు స్థలం తాలూకు లింక్ డాక్యుమెంట్ (మనకు అమ్మినవాళ్లకు ఆ స్థలం ఎలా వచ్చిందో చూపే పాత దస్తావేజు) ఒరిజినల్ అడిగారు. అది ఆ కట్టల్లో ఉంది. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో సర్టిఫైడ్ కాపీ దొరికింది కాబట్టి బయటపడ్డాం. అయినా పోలీసు ఫిర్యాదు, పేపర్లో ప్రకటన, లాయరు ఒపీనియన్, అన్నీ పూర్తయ్యేసరికి రెండు నెలల టెన్షన్. ఆ కాగితం ఫొటో నాన్న ఫోన్లో శుభ్రంగా ఉంది. బ్యాంకుకు అది అక్కర్లేదు.

ఫొటో వేరు, పత్రం వేరు. కేంద్ర ప్రభుత్వ యాప్ డిజిలాకర్‌లోకి రవాణా శాఖ లాంటి చోట్ల నుంచి నేరుగా వచ్చే డ్రైవింగ్ లైసెన్సు, ఆర్‌సీ వంటివి చట్టప్రకారం ఒరిజినల్‌తో సమానమే. మనం స్కాన్ చేసి అందులో ఎక్కించుకున్నవాటికి ఆ విలువ లేదు. రిజిస్టరైన దస్తావేజులు, లింక్ డాక్యుమెంట్లు, పట్టాదారు పాసుపుస్తకం, ఇన్సూరెన్స్ బాండ్లు, మార్కుల మెమోలు ఎప్పటికీ చించకూడదు. కట్టేసిన కరెంటు బిల్లులు, పోయిన ఫ్రిజ్ వారంటీ కార్డు, పెళ్లిళ్ల శుభలేఖలు (మన ఇంటివి తప్ప) నిశ్చింతగా పోవచ్చు. రోజుకు ఒక్క కట్ట, తాడు విప్పి, ప్రతి కాగితం తిప్పి చూసి. ఇంతకంటే వేగంగా ఈ పని చేయమని నేను ఎవరికీ చెప్పను.

ఫోన్ విషయంలో రెండు మాటలు కలిపి తిరుగుతున్నాయి. కొందరు సెలెక్ట్ ఆల్ కొట్టమంటారు, కొందరు ఫోన్లో చెత్తకు బరువేముంది, వదిలేయమంటారు. రెండూ నష్టమే.

బరువు ఉంది. గూగుల్ ఉచితంగా ఇచ్చేది 15 జీబీ. జీమెయిల్, డ్రైవ్, ఫొటోలు మూడూ అందులోనే సర్దుకోవాలి. ఫొటోలకు ఉన్న అపరిమిత ఉచిత సదుపాయం 2021 జూన్ 1 నుంచి లేదు. ఆండ్రాయిడ్ ఫోన్లలో వాట్సాప్ బ్యాకప్ కూడా ఇప్పుడు ఆ 15 జీబీలోకే లెక్క. అది నిండితే కొత్త మెయిళ్లు రావు. పిల్లల హాల్ టికెట్టో, ఆఫీసు ఆఫర్ లెటరో రావలసిన రోజున గుడ్ మార్నింగ్ వీడియోలు దారికి అడ్డం పడతాయన్నమాట.

అలాగని ఒక్కసారే ఊడ్చేస్తే? గూగుల్ ఫొటోల్లో బ్యాకప్ అయిన ఫొటోను డిలీట్ చేస్తే ఫోన్లోనూ, ఆన్‌లైన్‌లోనూ రెండు చోట్లా పోతుంది. బిన్‌లో 60 రోజులుంటుంది, తర్వాత దొరకదు. ఫోన్లో మాత్రమే జాగా కావాలంటే నొక్కాల్సింది 'ఫ్రీ అప్ స్పేస్'. ఈ తేడా తెలియక పిల్లల పసితనం ఫొటోలు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు.

లెక్క చూడండి. ఫోన్లో 20,000 ఫొటోలుంటే, ఒక్కోదానికి 5 సెకన్లు పెట్టినా దాదాపు 28 గంటలు. ఏ ఆదివారానికీ అన్ని గంటలు లేవు. రోజుకు పది నిమిషాలైతే 120 ఫొటోలు, ఐదున్నర నెలల్లో అయిపోతాయి. ఫొటోల యాప్‌లో వెతికే చోట ఇవాళ్టి తేదీ, నెల కొడితే వేర్వేరు సంవత్సరాల్లో ఇదే తేదీన తీసినవి వస్తాయి. ఆ కాసిని చూసుకుని, మసకబారినవి, ఒకేలా ఉన్న పది సెల్ఫీల్లో తొమ్మిది తీసేస్తే ఆ రోజుకు చాలు.

అన్నిటికంటే ముందు కుళాయి కట్టేయాలి. వాట్సాప్ సెట్టింగ్స్‌లో ఆటో డౌన్‌లోడ్ ఆపేయండి. అక్కడే 'మేనేజ్ స్టోరేజ్'లో 5 ఎంబీ దాటినవి, చాలాసార్లు ఫార్వర్డ్ అయినవి విడిగా కనిపిస్తాయి. ఆ ఫార్వర్డ్‌లను మాత్రం గుంపుగా తీసేయొచ్చు, అభ్యంతరం లేదు. కానీ మనుషులతో మాట్లాడుకున్న చాట్లు అలా తుడవకండి. నాన్నతో నా చాట్ సర్దుతున్నప్పుడు, టిఫిన్ సెంటర్ మెనూ ఫొటోకీ ఎవరిదో బ్యాంకు ఖాతా నంబరుకీ మధ్య తొమ్మిది సెకన్ల వాయిస్ మెసేజ్ ఒకటి కనిపించింది. "అమ్మా, బస్సు ఎక్కాను. తాళం పక్కింట్లో ఇచ్చాను. అన్నం తిను." నాన్న పోయి అప్పటికి ఎనిమిది నెలలు. క్లియర్ చాట్ నొక్కి ఉంటే అదీ మెనూతో పాటే పోయేది.

భోగి మాటకు వస్తాను. పెద్దల పేరు చెబితే ఎవరూ ఎదురు చెప్పరని ఇది చేర్చారేమో. భోగి మంటలో వేసేది దుంగలు, ఎండు కొమ్మలు, విరిగిన చెక్క సామాను, పిడకలు. ఆ పిడకలు ఎక్కడివి? ధనుర్మాసం నెలగంట పెట్టిన రోజు నుంచి ముంగిట్లో రోజూ పెట్టిన గొబ్బెమ్మలను పిడకలు చేసి, ఎండబెట్టి, దండ గుచ్చి పిల్లలు ఆ మంటలో వేసేవారు. అంటే ఆ ఒక్క తెల్లవారుజాము వెనక నెల రోజుల చిన్న చిన్న పని ఉంది. ఇల్లు సున్నం వేయడం, ధాన్యం గాదెలు దులపడం కూడా ఆ నెలలోనే విడతలుగా సాగేవి. వాళ్ల ఇళ్లలో పారేసేదీ తక్కువే. చిరిగిన చీరలు బొంతలయ్యేవి, మెత్తబడ్డ పంచెలు పొత్తిగుడ్డలయ్యేవి. ఇప్పుడు అదే మంటలో ఫోమ్ పరుపులు, ప్లాస్టిక్ కుర్చీలు వేస్తున్నారు. ఆ పొగలో విషం ఉంటుంది, చంటిపిల్లలున్న ఇళ్ల ముందు అసలు వేయకూడదు.

ఒక్క రోజులో తేల్చి పారేసిన సామాను ఎక్కడికి పోతుందో కూడా చూడాలి. హైదరాబాద్‌లో అయితే చెత్త ఆటోలో ఎక్కి జవహర్‌నగర్ డంపింగ్ యార్డు దాకా పోతుంది. నిదానంగా చేస్తే ప్రతిదానికీ ఒక చోటు దొరుకుతుంది. పాత పుస్తకాలు బడికి, ఇనుము పాత సామాన్లవాడికి, బట్టలు స్టీలు గిన్నెలకు. పాత ఫోన్లు, ఛార్జర్లు, బ్యాటరీలు తడి పొడి చెత్తల్లో కలపకూడదు. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నియమాల ప్రకారం పాత ఫోన్ల వంటివాటిని రీసైక్లింగ్‌కు పంపించే బాధ్యత తయారీ కంపెనీలది. కలెక్షన్ సెంటర్లో ఇవ్వండి.

ఒక్కరోజులో అంతా పారేయక తప్పని పరిస్థితి ఉంటుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపు ఇళ్లు మునిగినప్పుడు, నీళ్లు తీశాక జనం పరుపులు, బీరువాలు, పిల్లల పుస్తకాలు బురదతో సహా వీధిలో కుప్ప పోశారు. అక్కడి మా బంధువుల ఇంట్లో దస్తావేజులు మాత్రం మిగిలాయి. అంతకు రెండు నెలల ముందు, రోజుకో అర సర్దుతూ మా పిన్ని వాటిని ప్లాస్టిక్ కవర్లో పెట్టి పై అరలోకి మార్చింది.

మా తెనాలి అటక మీద ఇంకా ఒక ట్రంకుపెట్టె ఉంది. నాన్న చొక్కాలు, కళ్లజోడు, స్కూటర్ తాళాలు ఉన్నాయి అందులో. దాని వంతు చివరికి పెట్టుకున్నాం. అమ్మ ఉగాది వెళ్లాక చూద్దామంది.