ముందే చెబితే శాలువాలు ఏం కావాలి?

చిత్తూరు, తిరుపతి జిల్లాల విద్యాభిమానులను ఒక ముప్పు గురించి హెచ్చరించక తప్పడం లేదు. బాగా చదివే పేద పిల్లలకు పెద్ద కాలేజీల దారి ముందుగానే చెప్పేయాలని కొందరు బయల్దేరారు. ఎనిమిదిలోనో తొమ్మిదిలోనో ఉండగానే ఇంటికెళ్లి, అమ్మానాన్నలను కూర్చోబెట్టి, ఏ పరీక్ష ఎప్పుడో, ఫీజులో ఎంత మాఫీ అవుతుందో, ఏ కాగితం ఎవరి దగ్గర తీసుకోవాలో చెప్పాలట. పైకి చూస్తే సాధువైన ఆలోచనే. కానీ ఇది అమలైతే మనం ఎన్నో ఏళ్లుగా కష్టపడి నిలబెట్టుకున్న ఒక సంప్రదాయం మట్టికొట్టుకుపోతుంది.

ఆ సంప్రదాయం మీకు తెలిసిందే. జూన్‌లో ఫలితాలొస్తాయి. నగరిలో మరమగ్గం నడిపేవాళ్ల అబ్బాయికో, పలమనేరు పక్క టమోటా కోతకు పోయే అమ్మ కూతురికో, ఎలా వచ్చిందో ఎవరికీ అంతుబట్టని ర్యాంకు ఒకటి వస్తుంది. విలేకరి పరుగెత్తుతాడు. రేకుల ఇంటి ముందు నిలబడి తల్లి బిడ్డ నోట్లో మైసూరుపాకు పెడుతున్నట్టు ఫొటో. పెట్టకపోతే మళ్లీ పెట్టిస్తారు. 'కూలి బిడ్డకు ఐఐటీ సీటు' అని శీర్షిక. సాయంత్రానికి పదవిలో ఉన్నాయన ఒక శాలువా, పదవి పోయినాయన మరో శాలువా కప్పుతారు. తెల్లారేసరికి లీలామహల్ సర్కిల్లో ఫ్లెక్సీ. అందులో పిల్లోడు ఎక్కడున్నాడో వెతుక్కోవాలి. అభినందించేవాళ్లను వెతకాల్సిన పని లేదు.

ముందే చెప్పేస్తే ఇలాంటి పిల్లలు మండలానికి పది మంది తేలతారు. పది మందికీ శాలువాలు ఎవరు కొంటారు? పేపర్లో జాగా ఎక్కడిది? అసలు కూలి బిడ్డ ఐఐటీకి పోవడం వార్తే కాకుండా పోతే, జూన్ నెలలో మన కళ్లు చెమర్చేదెట్లా?

తిరుపతిలో సమాచారం పేదోడి దాకా చేరదని మాత్రం ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. బస్టాండు ముందు ఏ ఆటో అన్ననైనా అడిగి చూడండి. సర్వదర్శనం టోకెన్లు విష్ణు నివాసంలో ఇస్తారా, శ్రీనివాసంలోనా, భూదేవి కాంప్లెక్సులోనా చెప్తాడు. 300 రూపాయల టికెట్లు నెలల ముందే ఆన్‌లైన్లో వదులుతారని చెప్తాడు. శ్రీవాణి ట్రస్టుకు పదివేలు ఇస్తే బ్రేక్ దర్శనం ఉందంటాడు. ముసలోళ్లకు వేరే దారి, చంటిబిడ్డ తల్లికి వేరే దారి, సిఫారసు లేఖ ఉన్నోళ్లకు ఇంకో దారి. గుక్క తిప్పుకోకుండా అన్నీ చెప్తాడు.

అదే అన్నకు ఇంటర్ చదివే కూతురుందనుకోండి. పదిలో ఆరు వందలకు 580 దాటిన పిల్ల. ఏర్పేడులో ఉన్న ఐఐటీలోకి ఎన్ని దారులున్నాయన్నా అని అడగండి. "అదంతా పెద్దోళ్ల సదువు సామీ, లచ్చలు కట్టాల" అంటాడు. పోనీ ఆ పక్కనే ఉన్న ఐసర్? "అదేం బ్యాంకు సామీ?"

బ్యాంకు కాదు, కేంద్రం పెట్టిన సైన్సు చదువుల సంస్థ. ఐఐటీ, ఐసర్ రెండూ 2015లోనే మన దగ్గరికి వచ్చాయి. శ్రీకాళహస్తి బస్సెక్కితే గంటలోపే ఏర్పేడు. ఐఐటీల్లో ట్యూషన్ ఫీజు ఏడాదికి రెండు లక్షలన్న మాట ఊరూరా పాకింది. దాని వెనకే 2016లో వచ్చిన రెండో మాట మాత్రం ఏర్పేడు దాటలేదు. కుటుంబ ఆదాయం ఏడాదికి లక్ష లోపుంటే ట్యూషన్ ఫీజు మొత్తం మాఫీ. లక్ష నుంచి ఐదు లక్షల మధ్య ఉంటే మూడింట రెండు వంతులు మాఫీ. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ విద్యార్థులకు ఆదాయంతో పని లేకుండా పూర్తి మాఫీ. హాస్టలు, మెస్సు ఖర్చులు వేరే ఉంటాయి, కాదనను. కానీ ఆటో అన్నను భయపెట్టిన ఆ రెండు లక్షలు ఆయన కట్టాల్సినవి కానే కావు. ఇదేమీ రహస్యం కాదు, వెబ్‌సైట్లో పెట్టారు. ఇంగ్లిషులో, పీడీఎఫ్‌లో, వెతికేవాడికి దొరికేలా. వెతకాలని తెలియనివాడు వెతకడు కాబట్టి సర్వర్ మీద భారం కూడా ఉండదు.

ఏ దారినో ఈ మాట తెలుసుకున్న పిల్ల ఒకటి పుట్టుకొచ్చినా కంగారు పడక్కర్లేదు. కాగితాలున్నాయి. బీసీ అని తహసీల్దారు ఆఫీసు ఇచ్చిన పత్రం ఇంట్లో భద్రంగా లామినేషన్ చేయించి ఉంటుంది. ఐఐటీ సీట్లు పంచే జోసా కౌన్సెలింగులో అది చెల్లదు. కేంద్రం నమూనాలో ఓబీసీ నాన్‌క్రీమీలేయర్ పత్రం, అంటే బీసీల్లో సంపన్న వర్గం కాదని చెప్పే పత్రం కావాలి, అదీ ఆ ఏడాది ఏప్రిల్ 1 తర్వాత ఇచ్చిందై ఉండాలి. రిజర్వేషన్ లేని కులాల్లోని పేదలకిచ్చే ఈడబ్ల్యూఎస్ పత్రానిదీ ఇదే షరతు. పోయిన మార్చిలో పేదవాడైనవాడు ఈ మేలో కూడా పేదవాడేనని మళ్లీ రుజువు చేసుకోవాలి. న్యాయమే కదా, మధ్యలో కోటీశ్వరుడై ఉండొచ్చు. ఊళ్లోని సచివాలయంలో దరఖాస్తు పెడితే "ఇదెందుకమ్మా, నీకు ముందే ఉంది కదా?" అని ఆప్యాయంగా తిప్పి పంపేవాళ్లూ ఉన్నారు. టైముకు కాగితం అందకపోతే ఆ పిల్లను ఓపెన్ కేటగిరీలోకి పంపేస్తారు. దీన్ని మించిన సమానత్వం ఏముంటుంది?

భాష సంగతి కూడా చెప్పుకోవాలి. ఐఐటీ దారిలో తొలి పరీక్ష జేఈఈ మెయిన్‌ను ఇప్పుడు తెలుగులో రాయొచ్చు. అందులో నెగ్గినవాళ్లు రెండో పరీక్ష అడ్వాన్స్‌డ్ మాత్రం ఇంగ్లిషులోనో హిందీలోనో రాయాలి. అదీ వరసగా రెండేళ్లలో రెండుసార్లే. ఇంటర్ రెండో ఏడు సంక్రాంతికి ఈ పరీక్ష పేరు మొదటిసారి విన్న పిల్లకు ఒక అవకాశం అప్పటికే చేజారుతున్నట్టు లెక్క.

అప్పుడు ఏమవుతుంది? పాప రాష్ట్రం పెట్టే ఈఏపీసెట్ రాసి, దగ్గర్లోని ప్రైవేటు కాలేజీలో చేరుతుంది. సర్కారు ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుంది. అంతకన్నా ముఖ్యం, కాలేజీ పసుపుపచ్చ బస్సు సరిగ్గా ఇంటి ముందే ఆగుతుంది. పిన్నమ్మ, పెద్దమ్మ, ఎదురింటి అత్త అందరూ ఏకగ్రీవంగా ఆమోదిస్తారు. కాలేజీ ఎలాంటిదో ఎవరూ అడగరు. డ్రైవరు మనూరోడే. ఇంతకన్నా ఏం కావాలి?

అమెరికావాళ్లు మాత్రం ఈ సుఖాన్ని చెడగొట్టుకున్నారు. మిషిగన్ యూనివర్సిటీ ఆ రాష్ట్రంలో బాగా చదివే తక్కువ ఆదాయం పిల్లలను ముందే గుర్తించి ఇంటికి ఉత్తరం పంపింది: నీకు సీటొస్తే నాలుగేళ్లూ ట్యూషన్, ఇతర ఫీజులు ఉచితం, ఏ ఆర్థిక సాయం ఫారమూ నింపక్కర్లేదు. ఆ పిల్లల్లో చాలామందికి మామూలు దారిలో అడిగినా దాదాపు అదే సాయం వచ్చేది. అంటే కొత్తగా ఇచ్చింది ప్రధానంగా ఒక మాట. ఉత్తరం అందనివాళ్లలో దరఖాస్తు చేసింది 26 శాతం, అందినవాళ్లలో 68 శాతం. చేరినవాళ్లు 12 నుంచి 27 శాతానికి పోయారు. ఆర్థికవేత్త సుసాన్ డైనార్‌స్కీ బృందం దీన్ని లెక్కలతో సహా బయటపెట్టింది. అంతకుముందు కరోలిన్ హాక్స్‌బీ, సారా టర్నర్ అనే ఆర్థికవేత్తలు ఒక్కో పిల్లకు ఆరు డాలర్ల ఖర్చుతో సమాచారం పోస్టులో పంపి మంచి ఫలితం చూశారు. తర్వాత అక్కడ కాలేజీ ప్రవేశాలకు శాట్ పరీక్ష పెట్టే కాలేజీ బోర్డు అలాంటి పనినే పెద్ద ఎత్తున చేస్తే పెద్దగా ఏమీ కదల్లేదు. కరపత్రం చాలదు, ఖాయమైన మాట కావాలని దీన్నిబట్టి అర్థమవుతోంది. మన ప్రాంతానికి ఇక్కడే అభ్యంతరం. కరపత్రాలు ఎన్నైనా పంచగలం. ఇచ్చిన మాట ఖాయంగా ఉండటం మన అలవాట్లలో లేదు.

అలాగని అమెరికాను ఒక్కదాన్నే తిట్టి లాభం లేదు. మనవాళ్లూ 2008లో ఇలాంటి పొరపాటు చేశారు. నూజివీడు, ఇడుపులపాయల్లో ట్రిపుల్ ఐటీలు పెట్టి, ప్రవేశ పరీక్ష లేదు, పదో తరగతి మార్కులు చాలు, సర్కారు బడి పిల్లలకు అదనంగా కొంత కలుపుతాం అన్నారు. ఒక్క వాక్యంలో అయిపోయింది. దాంతో కుప్పం కొసన ఉన్న హెడ్మాస్టరుకూ తెలిసిపోయింది, మేకలు కాసే తాతకూ తెలిసిపోయింది. ఇప్పుడు అక్కడ సీటొస్తే ఇరుగుపొరుగుకు చెప్పుకుంటారు గానీ ఫ్లెక్సీ కట్టేంత వింతగా ఎవరూ చూడరు. సూటిగా చెబితే జరిగే నష్టం ఇదీ.

అందుకని నా సూచనలు ఇవి. ఫీజు మాఫీ గురించి ఊళ్లలో బోర్డులు పెట్టరాదు. పెట్టక తప్పకపోతే ఇంగ్లిషులో, తిరుపతి కలెక్టరేట్ లోపలి గోడకు పెట్టాలి. పదో తరగతి మొదటి ర్యాంకు పిల్లలకు సన్మానం చేసేటప్పుడు ట్యాబు ఇవ్వొచ్చు, వెండి నాణెం ఇవ్వొచ్చు, ఏప్రిల్ 1 తర్వాత తీసుకోవాల్సిన పత్రం పేరు మాత్రం చెప్పరాదు. ప్రతిభగల పేద విద్యార్థుల సహాయార్థం జిల్లా స్థాయి కమిటీ ఒకటి వెంటనే వేయాలి. తొలి సమావేశం జులై ఆఖరి వారంలో పెట్టుకుంటే మంచిది. అప్పటికి జోసా రౌండ్లు అయిపోయి ఉంటాయి, సభ్యులు తొందర లేకుండా మాట్లాడుకోవచ్చు.